వారం రోజులకు రెండు పేజీలేనట!

నిన్న తల్లిదండ్రుల సమావేశంలో ఒకాయన తన కొడుకు నోటు పుస్తకం తిరగేసి నా బల్ల మీదకు విసిరాడు. "వారం మొత్తానికి రెండు పేజీలా మేడమ్? ఆడుకోవడానికైతే మా వాకిలి చాలదా? ఇంత ఫీజు దేనికి కడుతున్నట్టు?" అన్నాడు. వెనక కూర్చున్న నలుగురూ తలలూపారు. పక్కనే ఉన్న మా యాజమాన్యం పెద్దమనిషి నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. "సోమవారం నుంచి రోజుకు నాలుగు పేజీలు రాయిస్తాం సార్" అని మాట ఇచ్చేశాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు. కడుపు మంట ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నాను.

ఆ పిల్లవాడికి నాలుగేళ్లు. ఎల్‌కేజీ. మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తని మృదులాస్థే. నాలుగేళ్లకు వాటిలో కొన్నే ఎముకగా గట్టిపడతాయి. ఆ చేతికి పెన్సిల్ ఇచ్చి రోజుకు నాలుగు పేజీలు గీయమంటారా? రేగడి మట్టి పిసికి ఉండలు చేయడం, పూసలు గుచ్చడం, చింతగింజలు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేయడం, ఇవన్నీ రాతకు చేతిని సిద్ధం చేసే పనులు. చేతికి బలం రాకముందే రాయించిన పిల్లలు పెన్సిల్‌ను పిడికిలితో పట్టుకుని, పళ్లు బిగపట్టి, కాగితం చిరిగేదాకా నొక్కుతారు. వాళ్లకు రాత మీద పుట్టే భయం పోగొట్టడానికి నాకు సంవత్సరం పడుతుంది.

ఆ రెండు పేజీల వారంలో ఏం జరిగిందో ఆయన అడిగి ఉంటే చెప్పేదాన్ని.

సోమవారం ఒక బుట్ట సీతాఫలాలు తీసుకెళ్లాను. ఈ రోజుల్లో పాలమూరులో ఏ సందు మొదట్లో చూసినా బాలానగర్ కాయలే. కళ్లు విచ్చిన కాయ ఏది, విచ్చనిది ఏది, రేపటికి ఏది పండుతుంది అని పిల్లలే విడదీశారు. తిన్నాక గింజలు కడిగి పదేసి చొప్పున కుప్పలు పెట్టారు. ఒక కాయలో 43 గింజలు వచ్చాయి. నాలుగు కుప్పలు, పైన మూడు. ఆ లెక్క పైకి చెప్పింది ఎవరో తెలుసా? పుస్తకం విసిరిన ఆయన కొడుకే. పుస్తకంలో లేదు కాబట్టి ఆయన దృష్టిలో అది జరగనే లేదు.

పుస్తకాల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. 'ఐ' అక్షరానికి ఇగ్లూ, 'వై' అక్షరానికి యాక్, 'ఎక్స్' అక్షరానికి జైలోఫోన్. మే నెలలో పాలమూరు ఎండకు రోడ్డు మీద తారు కరుగుతుంది, ఇక్కడి పిల్లవాడికి మంచుతో కట్టిన ఇల్లు బట్టీ పట్టించాలి. ఊరి పక్కనే పిల్లలమర్రి ఉంది. కొన్ని వందల ఏళ్ల చెట్టు, మూడెకరాల దాకా పరుచుకుంది. 2018లో దానికి చెదలు పడితే మనిషికి సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. చెట్టుకు సెలైన్ పెట్టారని చెబితే మా పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. "సూది గుచ్చితే ఏడ్చిందా టీచర్?" అని అడిగారు. ఆ ప్రశ్న రాసుకోవడానికి ఏ వర్క్‌బుక్కులో జాగా ఉంది?

ఇక గురువారం. నా మనసును అన్నిటికంటే ఎక్కువగా కోసేది ఇదే.

జూన్‌లో మా తరగతిలో ఒక తండా పాప చేరింది. ఇంట్లో వాళ్లు మాట్లాడేది లంబాడీ. మూడు నెలలు దాటినా బడిలో ఒక్క మాట పలకలేదు. పేరు పిలిస్తే తల దించుకునేది. హాజరు పుస్తకంలో తప్ప తరగతిలో ఆ పిల్ల లేనట్టే ఉండేది. 'మందబుద్ధి ఏమో' అని స్టాఫ్ రూములో అన్నవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లూ టీచర్లే. గురువారం నేను కొట్టు ఆట పెట్టాను. రెండు కొబ్బరి చిప్పలకు దారం కట్టి తక్కెడ చేశాను. డబ్బులకు చింతగింజలు, సరుకులకు ఖాళీ అగ్గిపెట్టెలు, పల్లీలు, ఒక కూజాలో మంచినీళ్లు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే బాబు ఒకడు షావుకారుగా కూర్చున్నాడు. ఈ పాప చాలాసేపు గోడకు ఆనుకుని చూసింది. తర్వాత నెమ్మదిగా వచ్చి, పిడికిలి విప్పి, ఒక చింతగింజ వాడి ముందు పెట్టి "పాణి" అంది. వాడి ఇంట్లో కూడా నీళ్లు పానీయే. ఏమీ ఆలోచించకుండా గ్లాసు నింపి చేతికిచ్చి "ఔర్?" అన్నాడు. పాప నవ్వింది. ఇంకో గింజ పెట్టింది. ఆ తర్వాత పావుగంట సేపు వాళ్లిద్దరూ ఏ భాషలో బేరమాడుకున్నారో నాకు సగమే అర్థమైంది. నేను గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఆ రోజు ఆ పాప నోటు పుస్తకం తెల్లగానే ఉంది. దాన్ని కూడా విసిరేస్తారా?

జర్మనీలో ఫ్రోబెల్ అనే విద్యావేత్త 1837లో పిల్లల కోసం మొదలుపెట్టిన బడికి తర్వాత పెట్టిన పేరే కిండర్‌గార్టెన్. ఆ మాటకు పిల్లల తోట అని అర్థం. మన బడుల బోర్డుల మీద ఆ పేరు అడుగున్నర అక్షరాలతో ఉంటుంది, లోపల పిడికెడు ఇసుక ఉండదు. 1993లో కేంద్రం వేసిన యశ్‌పాల్ కమిటీ పిల్లల మీద చదువు బరువు తగ్గించమంది. 2020 జాతీయ విద్యా విధానం వీలైనచోట ఇంటి భాషలో నేర్పమంది. 3 నుంచి 8 ఏళ్ల పిల్లల కోసం 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఆటతోనే నేర్పమంది. నేను సొంతంగా కనిపెట్టిందేమీ లేదు. ఆ కాగితాలన్నీ మా ఆఫీసు బీరువాలో ఉన్నాయి. తాళం మాత్రం ఫీజు కట్టేవాళ్ల చేతిలో ఉంది.

"చిన్నపిల్లల టీచరే కదా, అఆలు చెప్పడానికి ఏముంది?" అనే మాట పన్నెండేళ్లుగా వింటున్నాను. పదో తరగతికి చెప్పేవాళ్లకు ఒక జీతం, మాకు ఒక జీతం. కరోనాలో బడులు మూసేసినప్పుడు ముందుగా మానిపించింది మమ్మల్నే. నాలుగేళ్ల పిల్లలకు ఆన్‌లైన్ పాఠం అక్కర్లేదన్నారు, నిజమే, కానీ నాకు అన్నం అక్కర్లేదా? 2021లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చినప్పుడు ఆ బియ్యం కోసం వరసలో నిలబడ్డాను. నా దగ్గర అక్షరాభ్యాసం చేసిన పిల్లవాడి తండ్రి అదే దారిన బండి మీద వెళ్తూ నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. నా మీద జాలితో తిప్పుకున్నాడో చిన్నచూపుతో తిప్పుకున్నాడో ఇప్పటికీ తెలియదు. నిన్న పుస్తకం బల్ల మీద పడిన చప్పుడు వినగానే ఆ ముఖమే గుర్తొచ్చింది.

నిన్న అందరూ వెళ్లిపోయాక తండా పాప వాళ్ల నానమ్మ వచ్చింది. పుస్తకం చేతికిస్తే తెరవకుండానే ఒళ్లో పెట్టుకుంది. "టీచరమ్మా, రాత్రి ఇంట్లో అగ్గిపెట్టెలన్నీ ముందేసుకుని మాకు అమ్మింది" అంది. నా రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

రోజుకు నాలుగు పేజీలని మాట ఇచ్చినవాళ్లే వచ్చి రాయించుకోవాలి. నేను ఈ సాయంత్రం కిలో పల్లీలు కొన్నాను. చింతగింజలు కడిగి డాబా మీద ఆరబెట్టాను. రేపు ఆ కొట్లో షావుకారు ఆ పాపే.