వాగు ముంచకముందే

2023 జులై 27 తెల్లవారుజామున మోరంచవాగు ఊరి మీద పడ్డప్పుడు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి వాసులను తొలుత కాపాడినవి ఇళ్ల పైకప్పులూ చెట్లే; హెలికాప్టర్లు వచ్చింది ఆ తర్వాత. అదే వానకు జంపన్నవాగు ఉప్పొంగి ములుగు జిల్లా కొండాయిలో ప్రాణాలను బలిగొన్నది. ఆ ఒక్క రోజులో అదే జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. రాష్ట్రంలో అంతకుముందు రికార్డు 2013లో వాజేడులో నమోదైన 517.5 మిల్లీమీటర్లు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం అదనపు తేమను పట్టి ఉంచుతుంది కనుక, ఇటువంటి కుంభవృష్టిని ఎప్పుడో ఒకసారి వచ్చే విపత్తుగా సరిపెట్టుకునే వీలు లేదు. మరుసటి ఏడాది సెప్టెంబరు 1 నాటికే కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది.

వాతావరణ కేంద్రం ఇచ్చే రెడ్ అలర్ట్ జిల్లా మొత్తానికి వర్తించేది. ఎగువన ఎన్ని చెరువులు మత్తడి దుంకుతున్నాయో, ఏ కట్టకు బుంగ పడిందో, ఆ నీరు ఎంతసేపట్లో తమ వాగులో కలుస్తుందో దిగువ ఊరికి చెప్పే మనిషి చాలాచోట్ల లేడు. ఒకప్పుడు తూము తీసి, మూసి, వానరాత్రి కట్టను కనిపెట్టుకుని ఉండే నీరటికి ఆ సంగతి తెలిసేది. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయతో పూడిక తీతకు నిధులు దక్కాయి. కాపలాకు ఆ పాటి శ్రద్ధ దక్కలేదు. నీరటిని గౌరవ వేతనంతో తిరిగి నియమించడం భారీ ఖర్చేమీ కాదు.

వరంగల్ నగరంలో తప్పు ఇంకా స్పష్టం. కాకతీయుల గొలుసుకట్టులో ఒక చెరువు మిగులు నీరు దిగువ చెరువుకు చేరాలి. ఆ దారిలోని నాలాలను కుదించి, చెరువు నీరు నిలిచే శిఖం భూముల్లో ఇళ్లకు అనుమతులిస్తే నీరు కాలనీల్లోకే వస్తుంది. 2020 ఆగస్టులోనూ, భద్రకాళి చెరువు కట్ట తెగిన 2023లోనూ జరిగింది ఇదే. నష్టపోయింది మాత్రం అనుమతులిచ్చినవారు కాదు.

వాగు ఒడ్డు ఊళ్లలో ఈతా తెప్పలూ తెలిసినవారు మత్స్య సహకార సంఘాల్లోనే ఉన్నారు. వారికి తాళ్లు, లైఫ్ జాకెట్లు, శిక్షణ ఇవ్వాలి. నీరు పారే కాజ్‌వేలపై రాకపోకలను ఆపే అధికారం పంచాయతీకి ఉండాలి. వృద్ధులను, గర్భిణులను ముందుగా తరలించేందుకు ఎత్తు మీది బడిని సిద్ధంగా ఉంచాలి. ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల్లో సిగ్నల్ అందని గూడేలకు ఫోన్ సందేశాలు అక్కరకు రావు. అక్కడ సైరనో, డప్పు చాటింపో మోగించే బాధ్యత ఎవరిదో జూన్ రాకముందే కలెక్టర్లు లిఖితపూర్వకంగా నిర్ణయించాలి.