వెనీని కథలో అల్లుడి గురించి కూడా రాయాల్సింది

ఆర్టికల్ చాలా బాగుందండి, కానీ వెనిస్ పక్కన మురానో దీవిలోని వెనీని గాజు కంపెనీ కథని 1959లో పాఓలో వెనీని పోవడంతో ఆపేశారు, అక్కడే వెలితిగా అనిపించింది. ఆయన మిలాన్ లాయరు, వెనిస్‌లో పాత కళావస్తువుల వ్యాపారి కప్పెల్లిన్‌తో కలిసి 1921లో మొదలెట్టాడు, నాలుగేళ్లకే విడిపోయారు, అయినా కొలిమి ఆరనివ్వలేదు. కార్లో స్కార్పా లాంటి ఆర్కిటెక్టుని తెచ్చి ఏళ్ల తరబడి గాజు ఊదేవాళ్ల పక్కనే పనిచేయించాడు చూడండి, నా లెక్కలో అదే ఆయన చేసిన అసలు పెద్ద పని. ఇక ఫజ్జొలెట్టో, అంటే కర్చీఫ్ వేజు, డిజైనర్ ఫుల్వియో బియాంకోనితో కలిసి 1940ల చివర్లో చేసింది, అబ్బా, వేడికి మెత్తబడ్డ గాజు అంచులు వాటి బరువుకే జారి మడతలు పడతాయి, ఎగరేసిన కర్చీఫ్ గాల్లోనే ఆగిపోయినట్టు!

పాఓలో తర్వాత కంపెనీని నడిపింది అల్లుడు లుడోవికో డియాజ్ డి శాంటిల్లానా, ఆయనా ఆర్కిటెక్టే. 1968లో అమెరికా నుంచి గాజు కళాకారుడు డేల్ చిహులీ వచ్చి, అక్కడ అందరూ ఒక టీమ్‌గా గాజు ఊదే పద్ధతి చూసి నేర్చుకెళ్లింది ఈయన హయాంలోనే. 1980ల్లో కంపెనీ కుటుంబం చేతులు దాటిపోయింది గానీ ఈయన పిల్లలు లారా, అలెస్సాండ్రో గాజుని మాత్రం వదల్లేదు. ప్లీజ్, దీనిమీద రెండో భాగం రాయండి.