అతిథి నిటారుగా, అంగారకుడు తలకిందులుగా

నల్లగొండలో ఉంటూ, రోజూ కనిపించే లతీఫ్ సాహెబ్ గుట్ట ఏ రాయో ఏనాడూ పట్టించుకోని మేము నలుగురం, అంగారకుడి రాళ్ల ఫోటోల మీద మాత్రం అర్ధరాత్రి దాకా తగాదా పడుతుంటాము. ఆ పిచ్చిని ఊరికీ అంటిద్దామని, 2004లో అంగారకుడి మెరిడియాని మైదానంలో దిగిన నాసా చక్రాల బండి, ఆపర్చునిటీ రోవరు, సూక్ష్మ కెమెరా తీసిన ఒక చిత్రాన్ని సైన్సు ప్రదర్శనకు ఫ్లెక్సీగా వేయించాము.

సుమారు మూడు సెంటీమీటర్ల వెడల్పు జాగాను చూపే ఆ నలుపు తెలుపు చిత్రంలో మిరియపు గింజలంత గుండ్లు ఉంటాయి. ఒకప్పుడు రాతిలో ఊరిన నీటి వల్ల హెమటైటు అనే ఇనుప ఖనిజం పేరుకుని అవి ఏర్పడ్డాయని వివరించడమే నా ఉపన్యాసం. తెర తీసేసరికి గుండ్లు లేవు, అన్నీ గుంతలే. వెలుగు పైనుంచే పడుతుందని మన కన్ను ముందే నమ్ముతుంది కాబట్టి, చిత్రం తలకిందులైతే నీడలు తారుమారై ఉబ్బు కాస్తా పల్లంగా తోస్తుంది. ఫ్లెక్సీ దుకాణంవాళ్లు అంగారకుడిని సరిగ్గా అలాగే తిప్పి అచ్చువేశారు.

ఫ్లెక్సీని తిప్పి కట్టమన్నాను. అయితే దాని పై సగమంతా దండం పెడుతున్న ముఖ్య అతిథి నిలువెత్తు ఫోటో. నిర్వాహకుడు నా చెవిలో, "అంగారకుడు మనల్ని ఏమీ అడగడు సార్. పెద్దసారు తలకిందులైతే నన్ను అడుగుతరు" అన్నాడు. విశ్వాన్ని మించిన ఈ మర్యాదకు జవాబు తోచక, మనమే తలకిందులై చూద్దామని మైకులో అనేశాను.

పిల్లలు వెంటనే కాళ్లు ఎడంగా పెట్టి, వంగి, మోకాళ్ల మధ్య నుంచి చూసి "గుండ్లు, గుండ్లు" అని కేకలు పెట్టారు. ఉత్సాహం ఆగక అతిథి కూడా వంగారు. శాలువా నెత్తిమీదికి జారింది, పూలదండ ముక్కుకు అడ్డం పడింది. అతిథి వంగినప్పుడు తాను నిలబడవచ్చునా లేదా అన్నది ఏ శిక్షణలోనూ చెప్పి ఉండరు కాబట్టి, కాసేపు తటపటాయించి గన్‌మన్ కూడా వంగాడు. ఎదురుగా ఫ్లెక్సీలోని అతిథి, వంగిన అతిథికి తలకిందులుగా దండం పెడుతూనే ఉన్నారు. ఇంతలో మా బృందంలోని విశ్రాంత లెక్చరర్, సంగతంతా తెలిసి కూడా, అక్కడి రాళ్లలో స్ఫటికాలు కరిగిపోయి మిగిలిన బోలు గుంతలు నిజంగానే ఉన్నాయనీ, ఎవరూ నడుము నొప్పించుకోనవసరం లేదనీ మరో మైకు అందుకున్నారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. అదే నాకు ఎక్కువ మండింది.

అతిథి లేచి, దండ సవరించుకుని, "అంగారకుడి మీదే ఇన్ని గుంతలుంటే, మన రోడ్లనే ఎందుకు అంటరు?" అని ప్రసంగం ముగించారు. చప్పట్లు దద్దరిల్లాయి. ఫ్లెక్సీ డబ్బుల కోసం దుకాణంవాడు ఇప్పటికీ నాకే ఫోన్ చేస్తున్నాడు.