పదకొండో అధ్యాయం అద్భుతం

ఈ మధ్య కొత్త రచయితలు నన్ను సలహాలు అడుగుతున్నారు. అడగడం న్యాయమే. నేను మామూలు ఈబుక్ రచయితను కాను, నంబర్ వన్ బెస్ట్‌సెల్లర్ రచయితను. ఈ మాట నా అంతట నేను అనుకున్నది కాదు, స్క్రీన్‌షాట్ ఉంది. తెల్లవారుజామున 4 గంటల 10 నిమిషాలకు తీసింది. లామినేషన్ కూడా చేయించాను. 5 గంటలకు లేచి చూస్తే ర్యాంకు ఎటో వెళ్ళిపోయింది. అమెజాన్‌లో ఆ ర్యాంకులు గంటగంటకూ మారుతుంటాయి మరి. అందుకే చెబుతున్నాను, రచయిత అనేవాడికి నిద్ర పనికిరాదు. నా పుస్తకం పేరు చెప్పడం ప్రచారం కిందికి వస్తుంది కాబట్టి చెప్పను. ఏకాగ్రత ఎలా సాధించాలో చెప్పే పుస్తకం అది. అందులో పద్నాలుగు అధ్యాయాలున్నాయి.

వచ్చినవాళ్ళంతా మొదట అడిగేది "పుస్తకం ఎలా రాయాలండీ?" అని. వాళ్ళ అమాయకత్వానికి జాలేస్తుంది. పుస్తకం రాయడమన్నది ఈబుక్ వ్యవహారంలో బాగా చిన్న పని. తీరిక ఉన్నప్పుడు చూసుకోవచ్చు. ముందు కవర్ కావాలి. తర్వాత 'త్వరలో' అనే పోస్టరు, 'అతి త్వరలో' అనే పోస్టరు, 'ఎదురుచూపులకు తెర' అనే పోస్టరు. ఎదురుచూస్తున్నది ఎవరని అడగకూడదు. ఎవరో ఒకరు ఎదురుచూస్తూనే ఉంటారు, కనీసం కవర్ వేసినాయన, డబ్బుల కోసం.

కాస్త చరిత్ర చెబుతాను. అమెజాన్ వాళ్ళ ఈబుక్ చదివే పరికరం కిండిల్ వచ్చింది 2007 నవంబర్ 19న. మొదటి విడత సరుకు ఐదున్నర గంటల్లో చెల్లిపోయింది. దాంతోపాటే ఎవరి పుస్తకాన్ని వాళ్ళే అంగట్లో పెట్టుకునే ఏర్పాటూ వచ్చింది. అంతకుముందు రచయితకీ పాఠకుడికీ మధ్య ఎంత జనమో! సంపాదకుడు, ప్రచురణకర్త, ప్రూఫులు దిద్దేవాడు, పుస్తకాల షాపాయన. "ఇది బాగాలేదు, తిరగరాయండి" అనడానికి ఒకరు, "అచ్చుతప్పులు నూట ఇరవై" అనడానికి ఇంకొకరు. ఈబుక్ వచ్చి ఈ అడ్డంకులన్నిటినీ ఒక్క దెబ్బకి తొలగించింది. ఆ ఊపులో పాఠకుడు కూడా ఎటో కొట్టుకుపోయాడు గానీ, ఇంత పెద్ద విప్లవంలో అలాంటివి మామూలే.

ఇక నంబర్ వన్ ఎలా అయ్యానో చెప్పాలి. పుస్తకం ఎక్కించేటప్పుడు మూడు విభాగాలు ఎంచుకోమంటారు, వెతుకుడు మాటలు రాసుకోడానికి ఏడు గళ్ళు ఇస్తారు. మన జాతకమంతా ఆ గళ్ళలోనే ఉంటుంది. 'వ్యక్తిత్వ వికాసం' అనే విభాగంలోకి తొంగిచూశాను. లోపల తొక్కిసలాటగా ఉంది. అక్కడ నా పుస్తకం ర్యాంకు ఫోన్ నంబర్‌లా ఉంటుందని అర్థమైంది. రెండు రాత్రులు పరిశోధన చేశాను (పుస్తకానికి చేసింది ఒక్క రాత్రే). చివరికి గుర్రాల పెంపకం విభాగం ఖాళీగా కనబడింది. వెంటనే కవర్ మీద ధ్యానముద్రలో ఉన్న మనిషిని తీసేసి గుర్రాన్ని పెట్టించాను. ముందుమాటలో "గుర్రానికి ఏకాగ్రత ఎక్కువ" అని ఒక వాక్యం చేర్చాను, సాహిత్యపరమైన నిజాయితీ కోసం. ఆ రాత్రి నా ఫోన్ నుంచి ఒక కాపీ, మా ఆవిడ ఫోన్ నుంచి ఒక కాపీ అమ్ముడుపోయాయి. తెల్లారేసరికి గుర్రాల లోకంలో నన్ను మించినవాడు లేడు.

నన్ను చూసి నవ్వేవాళ్ళకి ఒక ఉదాహరణ. 2016లో అమెరికాలో ఒక మార్కెటింగ్ మనిషి తన పాదాన్ని ఫొటో తీసి, దాన్నే పుస్తకంగా పెట్టి, జనం పెద్దగా తొంగిచూడని విభాగాల్లో పడేశాడు. కొద్ది కాపీలు అమ్ముడుపోగానే అది బెస్ట్‌సెల్లర్ అయి కూర్చుంది. ఈ బిరుదు ఎంత చవగ్గా దొరుకుతుందో చూపడానికే ఆయన ఆ పని చేశాడట. నాకైతే ఆ పాదం మీద గౌరవం కలిగింది. నేను పద్నాలుగు అధ్యాయాలు పెట్టి సాధించింది అది ఒక్క ఫొటోతో సాధించింది.

ధర సంగతి శ్రద్ధగా వినండి, ఇందులో గణితం ఉంది. అమెజాన్ కిండిల్ లెక్క ప్రకారం డాలర్లలో ధర 2.99 నుంచి 9.99 మధ్య ఉంటే రచయితకి 70 శాతం తీసుకునే వీలుంది. అంతకు తగ్గినా పెరిగినా 35 శాతమే. అయితే 70 శాతంలో ఒక మెలిక ఉంది. పుస్తకం ఎన్ని మెగాబైట్లుంటే అన్ని మెగాబైట్లకీ రవాణా ఖర్చు కోస్తారు, అమెరికా అమ్మకాల్లో మెగాబైటుకు 15 సెంట్లు చొప్పున. నా పుస్తకం 12 మెగాబైట్లు. అందులో రాత బరువు అరకొరే. మిగతాదంతా నా ఫొటోలు: కిటికీ పక్కన ఆలోచిస్తూ, కిటికీకి దూరంగా ఆలోచిస్తూ, కళ్ళజోడుతో, కళ్ళజోడు చేతిలో పట్టుకుని. 2.99 ధరలో రవాణాకే 1.80 పోతే మిగిలేది 1.19. అందులో 70 శాతమంటే 83 సెంట్లు. అదే 35 శాతం పద్ధతిలో రవాణా ఖర్చు ఉండదు కాబట్టి 1 డాలర్ 4 సెంట్లకు పైగా వచ్చేది! డెబ్బై కంటే ముప్పై ఐదు పెద్దదని నిరూపించిన తొలి తెలుగు రచయితను నేనే అయ్యుంటాను. ఫొటోలు తీసేయొచ్చు కదా అంటుంది మా ఆవిడ. తీసేస్తే పుస్తకంలో ఏముంటుంది?

ఉచిత పంపిణీ గురించి కూడా చెప్పాలి. 90 రోజులు పుస్తకాన్ని ఇంకెక్కడా అమ్మనని మాటిస్తే, అందులో 5 రోజులు ఉచితంగా పంచుకునే హక్కు ఇస్తారు. మన సరుకు మనమే ఊరికే పంచుకోవడానికి అనుమతి దొరకడం చిన్న విషయం కాదు. ఆ ఐదు రోజుల్లో ఆరువందల మంది దింపుకున్నారు. 'ప్రపంచవ్యాప్తంగా ఆరువందల మంది పాఠకులు' అని పోస్టరు వేశాను. చందా కట్టి చదివేవాళ్ళ లెక్క వేరుగా వస్తుంది. అది మొన్న చూశాను, మొత్తం 41 పేజీలు. ఒకరు 41 పేజీలు చదివారో, 41 మంది తలా ఒక పేజీ చదివి వదిలేశారో చెప్పలేదు. రెండోదే నిజమైతే నా పాఠకలోకం ఇంకా పెద్దదన్నమాట.

ఈ చందా పద్ధతి సాహిత్యాన్ని ఎంత ప్రభావితం చేసిందో విమర్శకులు సరిగ్గా పట్టించుకోలేదని నా ఫిర్యాదు. 2014 జూలైలో కిండిల్ అన్‌లిమిటెడ్ అనే ఈ చందా పథకం మొదలైనప్పుడు, పాఠకుడు పుస్తకంలో పది శాతం దాటితే చాలు, రచయితకి డబ్బులొచ్చేవి. దాంతో పుస్తకాలు చిక్కిపోయాయి. ఇరవై పేజీల పుస్తకమైతే రెండు పేజీలకే పది శాతం దాటుతుంది కదా! ఒక నవలను ఏడు ముక్కలు చేసి ఏడు నవలలన్నారు. 2015 జూలై నుంచి చదివిన పేజీల లెక్కన ఇవ్వడం మొదలెట్టారు. వెంటనే పుస్తకాలు బలిశాయి. పాత పుస్తకాలన్నీ కొత్త పుస్తకం వెనక 'బోనస్' అని కుక్కారు. పాఠకుడు ఎంతదాకా వెళ్ళాడో చూస్తున్నారే తప్ప మధ్యలో చదివాడో లేదో యంత్రం చూడటంలేదని ఎవరో కనిపెట్టారు. ఇంకేం, మొదటి పేజీలో 'బహుమతి కోసం ఇక్కడ నొక్కండి' అని పెట్టి పాఠకుణ్ణి చివరి పేజీలోకి దూకించారు. మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా ఆగకుండా చదివించే శైలి అంటే అదీ. తర్వాత నియమాలు బిగించి ఆ దారి మూసేశారు. ప్రతి ప్రయోగానికీ ఒక సంప్రదాయవాది అడ్డుపడుతూనే ఉంటాడు.

బంధువుల్లో ప్రచారం గురించి రెండు ముక్కలే. వాట్సాప్‌లో మా కుటుంబం గ్రూపులన్నిటిలో లింకు పెట్టాను. మా మేనమామ దండం పెట్టిన బొమ్మ పంపాడు. అది ఆశీర్వాదమో, వదిలేయమని వేడుకోలో తేలలేదు. మా పెద్దమ్మ "గ్రేట్ రా నాన్నా" అంది. కానీ లింకు నొక్కలేదు. ఎలా తెలుసంటే, ఎంతమంది నొక్కారో చెప్పే సాఫ్ట్‌వేర్‌కి నెలనెలా చందా కడుతున్నాను. మొత్తం ఒక నొక్కు పడింది. అది నేనే, పనిచేస్తోందో లేదో చూద్దామని.

రివ్యూల దగ్గరికొద్దాం. తన డప్పు తాను కొట్టుకోవడం ఈ కాలపు జబ్బని కొందరు పెదవి విరుస్తారు. వాళ్ళకి చదువు తక్కువ. వాల్ట్ విట్మన్ అంతటి అమెరికన్ మహాకవి 1855లో తన కవితల్ని తన ఖర్చుతోనే అచ్చేసుకుని, పేరు పెట్టకుండా పత్రికల్లో వాటిని తానే మెచ్చుకున్నాడు. అప్పటి పేరుమోసిన రచయిత ఎమర్సన్ తనకు రాసిన ఉత్తరంలోని ఒక మెచ్చుకోలు వాక్యాన్ని, ఆయన్ని ఒక్క మాటైనా అడక్కుండా, 1856 ముద్రణలో పుస్తకం వెన్ను మీద బంగారు అక్షరాలతో వేసుకున్నాడు. నేను విట్మన్ బాటలోనే నడుస్తున్నాను, కవిత్వం ఒక్కటే తక్కువ. నాకు ఎమర్సన్ లేడు కాబట్టి మా ఆఫీసులో మేనేజర్ "చూశాను, బాగుంది" అన్న మాటని కవర్ మీద వేశాను. ఆయన అన్నది నా లీవ్ లెటర్ గురించి.

దగ్గరి చుట్టాలు, స్నేహితులు రివ్యూలు రాయకూడదని నియమం ఉంది. ఈ నియమం పెట్టినవాళ్ళకి నా పాఠకులెవరో తెలిసి ఉండదు. మా బావమరిది ఐదు నక్షత్రాలు ఇస్తే మర్నాటికి మాయమయ్యాయి. పోనీ కొందామా అంటే, ఆ రోజులు వెళ్ళిపోయాయి. ఒకప్పుడు అమెరికాలో ఒకాయన బోర్డు కట్టి మరీ అమ్మేవాడని 2012లో న్యూయార్క్ టైమ్స్ రాసింది: ఒక రివ్యూ 99 డాలర్లు, ఇరవై అయితే 499, యాభై అయితే 999. టోకున కొంటే ఒక్కో ప్రశంస ఇరవై డాలర్లకే పడేది. ఇప్పుడు 2024 అక్టోబర్ నుంచి అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ దొంగ రివ్యూల కొనుగోళ్ళూ అమ్మకాలూ నిషేధించింది.

అందుకే మేము రచయితలం నలభై మందిమి ఒక గ్రూపు పెట్టుకున్నాం. ఇందులో డబ్బు ప్రసక్తి లేదు. మీరు నాకు ఐదు నక్షత్రాలిస్తే నేను మీకు ఐదు ఇస్తాను. కిట్టనివాళ్ళు దీన్ని పరస్పర డబ్బా అంటారు. మేము 'రచయితల సంఘీభావం' అంటాం. నా పుస్తకానికి ఇలా ముప్పై ఒక్క రివ్యూలొచ్చాయి. వాటిలో నాకిష్టమైనది ఒక నవలా రచయిత రాసింది: "ప్రతి అధ్యాయమూ ఆణిముత్యమే. ముఖ్యంగా పదకొండో అధ్యాయం అద్భుతం. కళ్ళు చెమర్చాయి." ఏకాగ్రత పుస్తకం చదివి కళ్ళు చెమర్చడం ఏమిటని మీకనిపించొచ్చు. నేను కూడా ఆయన నవల చదివి "రోజువారీ జీవితంలో వెంటనే ఆచరణలో పెట్టదగ్గ పుస్తకం" అని రాశాను. అది హత్యల నవలని తర్వాత తెలిసింది.

ప్రకటనలు కూడా వేశాను. జనం ప్రకటన నొక్కిన ప్రతిసారీ మన డబ్బు పోతుంది, కొన్నారా లేదా అన్నది వాళ్ళిష్టం. ఒక దశలో జనం నొక్కడం మొదలెట్టారు. నాకు టెన్షన్ పట్టుకుంది. దేవుడా, ఎవరూ నొక్కకూడదు అని దండం పెట్టుకుంటూ తెల్లవార్లూ కూర్చున్న రచయితని ఎక్కడైనా చూశారా? అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. ఇక్కడ అడవికి కూడా అద్దె కట్టాలి.

మొత్తం మీద ఇప్పటికి పద్నాలుగు కాపీలు అమ్మాను. ఆరు నావే. మిగతావి గ్రూపు మిత్రులవనుకుంటాను. వాళ్ళవి నేను కొన్నవి ఇరవై రెండు. ఈబుక్ అమ్మడం ఎలా అని చెప్పే ఈబుకులు మరో తొమ్మిది కొన్నాను. లోకంలో అమ్ముడుపోతున్న ఈబుక్ అదొక్కటేనని నా అనుమానం. పుస్తకాలు రాసే ఏఐ యంత్రాలు కూడా రంగంలోకి దిగాయి. 2023 సెప్టెంబర్‌లో కిండిల్ వాళ్ళు ఒక రచయిత రోజుకి మూడు కొత్త పుస్తకాలకు మించి ఎక్కించకూడదని హద్దు పెట్టారు. పాపం, నాలుగోది పూర్తయినవాడు తెల్లారేదాకా ఆగాలి.

పోయినవారం ఒక మెయిల్ వచ్చింది. ముక్కూ మొహం తెలియని ఒకావిడ. "నమస్తే అండీ. మీ పుస్తకం డబ్బు పెట్టి కొన్నాను. రోజుకో అధ్యాయం చొప్పున చదువుతున్నాను. పదో అధ్యాయం తర్వాత పన్నెండోది వచ్చింది. విషయసూచికలో మాత్రం పదకొండు ఉంది, 'మొదలుపెట్టిన పని పూర్తి చేయడం ఎలా' అని. అది నా ఫోన్‌లోనే రాలేదా? నాకు కావలసింది ఆ అధ్యాయమేనండీ."

తెరిచి చూశాను. ఆవిడ ఫోన్ తప్పేం లేదు. అది రాయాల్సిన రోజున కవర్ గుర్రం రంగు మీద పెద్ద చర్చ నడిచింది. గోధుమ రంగా, తెలుపా అని. తర్వాత 'ఎదురుచూపులకు తెర' తేదీ దగ్గరపడింది. ఎక్కించేశాం.

ఒక రచయిత పాఠకురాలికి ఎలా జవాబివ్వాలో అలాగే ఇచ్చాను. "మీ స్పందనకు ధన్యవాదాలు. ఇదే అభిప్రాయాన్ని ఐదు నక్షత్రాలతో కలిపి రివ్యూగా పెడితే మరెందరికో ఉపయోగపడుతుంది" అని లింకు కూడా జతచేశాను. జవాబు రాలేదు. లింకు నొక్కిందేమోనని పది నిమిషాలకోసారి చూస్తున్నాను. ఈలోగా ఆ పదకొండో అధ్యాయాన్ని విడిగా ఇంకో ఈబుక్‌గా తెచ్చే ఏర్పాట్లు మొదలెట్టాను. రాయడం ఒక్కటే మిగిలింది. కవర్ వచ్చేసింది, ఈసారి గుర్రం పరిగెడుతోంది.