పాంపేలో కప్పున్న ఇల్లు

శిథిల నగరాల గురించి చెప్పేవాళ్లు రాజుల సంగతి చెప్తారు, స్తంభాల సంగతి చెప్తారు. పైకప్పుల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తడానికి అవి ఉంటేగా!

ఇటలీలోని పాత రోమన్ నగరం పాంపేలో అడుగుపెట్టేసరికి ఎండ మాడు పగలగొడుతోంది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం కురిపించిన రాళ్లూ బూడిదా పేరుకుని, ఆ బరువుకే చాలా ఇళ్ల కప్పులు కూలిపోయాయి. ఇక నీడెక్కడిది? మేమూ, ముక్కూమొహం తెలియని ఇంకో నలుగురూ ఒకే గోడకి బల్లుల్లా కరుచుకుని నిలబడ్డాం.

"గొడుగు తియ్యి బావా" అన్నాను.

"గదిలో వదిలేశాన్రా. ఫోన్లో వాన సున్నా శాతం అని చూపించింది" అన్నాడు.

మధ్యాహ్నం ఆ సున్నా శాతం కుండపోతగా దిగింది. చూస్తుండగానే వీధి కాలువైపోయింది. అసలా వీధుల పద్ధతే అది. వాననీళ్లూ వాడుకనీళ్లూ చాలావరకు వాటి మీదుగానే పోయేవి. అందుకే కాలిబాటలు ఎత్తుగా కట్టారు, దాటడానికి అడ్డంగా పెద్ద పెద్ద రాళ్లు వేశారు. పొద్దున అదే రాయికి బొటనవేలు కొట్టుకుని "రోడ్డుకడ్డంగా ఈ బండలేంట్రా" అని తిట్టిన బావ, ఇప్పుడు దాని మీదే ఒంటికాలి మీద నిలబడ్డాడు. బండి చక్రాల కోసం రాళ్ల మధ్య వదిలిన సందులోంచి ఆయన చెప్పొకటి ఎక్కడా తగలకుండా సాఫీగా వెళ్లిపోయింది. కొలతలు అంత బాగా తీసుకున్నారు ఆ రోమన్లు!

కొన్ని ఇళ్లకి తర్వాతి కాలంలో కప్పు మళ్లీ కట్టారు. అలాంటిదొకటి కనబడగానే "కప్పురా!" అని అరుస్తూ బావ దూసుకెళ్లాడు. చూపంతా కప్పు మీదే. ఆ కప్పేమో నాలుగు వైపుల నుంచీ హాలు మధ్యకి వాలి ఉంది, సరిగ్గా నడిమధ్యన ఆకాశమంత కంత. దాని కింద లోతు తక్కువ తొట్టి. వాననీళ్లు అందులో పడి నేలకింది తొట్టెలోకి చేరాలని ఏర్పాటు. ఊళ్లో వానంతా అక్కడే పడుతున్నట్టుంది. బావ తిన్నగా వెళ్లి అందులో దిగాడు.

చుట్టూ గోడల వారగా నిలబడ్డ జనం మర్యాదగా కళ్లు తిప్పుకున్నారు. ఒకాయన మాత్రం ఫొటో తీసుకున్నాడు.

మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటు పిండుకుంటూ పైకి చూశాడు బావ. "ఇంత డబ్బున్నవాళ్లు, ఆ కాస్త ముక్క కూడా కప్పించుకోలేకపోయారా? ఏ మేస్త్రీరా కట్టింది?"

"రెండు వేల ఏళ్లయింది బావా. గ్యారంటీ అయిపోయుంటుంది."