జుట్టు దానంతటదే వస్తుంది, పేరు మాత్రం నూనెకి

మొన్న మా పిన్ని ఒక వాట్సాప్ ఫార్వర్డ్ పంపింది. వారం తిరక్కుండా అదే మెసేజ్ ఇంకో ముగ్గురు పంపారు, ఒకరైతే ఆడియో చేసి మరీ. కుదిస్తే అందులో ఉన్నది ఇదీ: కీమోలో జుట్టు రాలితేనే మందు పనిచేస్తున్నట్టు. మొదటి రోజు నుంచీ వేడి నూనెతో మర్దన చేసి, రోజూ బయోటిన్ అనే విటమిన్ మాత్ర వేసుకుంటే జుట్టు రాలదు. కీమో ఎక్కేటప్పుడు తల చల్లబరిచే ఐస్ టోపీ పెట్టుకుంటే క్యాన్సర్ తలకి పాకుతుంది. గుండు చేయించుకుంటే మునుపటికంటే ఒత్తుగా వస్తుంది. కొత్త జుట్టు రింగులు తిరిగినా, గోళ్ళు నల్లబడినా ఒంట్లో విషం మిగిలినట్టు, డీటాక్స్ చేయాలి. కదులుతున్న గోరు పీకేస్తే కొత్తది తొందరగా వస్తుంది. పదిమందికి పంపండి.

మొదటి రెండు మాటలూ పక్కపక్కన పెట్టి ఒకసారి చదవండి. రాలితేనే మందు పనిచేస్తున్నట్టట, రాలకుండా చూసుకోమని మళ్ళీ వీళ్ళే చెబుతున్నారు. రాసినవాళ్ళు రెండో లైన్‌కి వచ్చేసరికి మొదటి లైన్ మర్చిపోయారు.

పంపినవాళ్ళ మీద నాకు కోపం లేదు. పిన్ని అయితే నా కీమో రోజుల్లో తల దగ్గర కూర్చుని రాత్రిళ్ళు గడిపిన మనిషి. నాకు మొత్తం ఎనిమిది సైకిళ్ళు, అంటే మందు ఎక్కించే విడతలు, మూడు వారాలకొకటి. మొదటి నాలుగూ ఎర్ర మందు, అంటే డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్‌తో కలిపి. తర్వాతి నాలుగూ డోసెటాక్సెల్. జుట్టు మొత్తం పోయింది, చేతి గోళ్ళు రెండు ఊడాయి, మిగతా గోళ్ళన్నీ రంగు మారాయి. కాబట్టి ఈ మెసేజ్‌కి ఒక్కో మాటకీ జవాబు చెప్పే ఓపిక నాకుంది.

ముందు ఆ "రాలితేనే పనిచేస్తున్నట్టు" సంగతి. కీమో మందులు వేగంగా విభజన చెందే కణాల మీద పడతాయి. క్యాన్సర్ కణాలు అలాంటివే, జుట్టు కుదుళ్ళలో వెంట్రుకను తయారుచేసే కణాలూ అలాంటివే. మన తల మీద వెంట్రుకల్లో దాదాపు 85 నుంచి 90 శాతం ఏ రోజు చూసినా పెరిగే దశలోనే ఉంటాయి, అందుకే దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. కానీ ఏ మందు కుదుళ్ళని ఎంత కొడుతుందనేది ఆ మందు స్వభావం, అది గడ్డని ఎంత కరిగిస్తోందనేది వేరే లెక్క. నా పక్క బెడ్‌లో ఒకావిడకి పెద్దపేగు క్యాన్సర్, ఆక్సాలిప్లాటిన్ ఎక్కేది. ఆవిడ జడ కాస్త పలచబడిందంతే, చివరిదాకా జడగానే ఉంది. ఈ మెసేజ్ అప్పుడు ఆవిడ ఫోన్‌కి వచ్చుంటే ఏమయ్యేది? నాకు మందు పట్టట్లేదని ఇంటికెళ్ళి ఏడ్చేది, లేదా మానేసేది. మందు పనిచేస్తోందో లేదో స్కాన్ చెబుతుంది, పరీక్ష చేసే డాక్టర్ చేతికి తగిలే గడ్డ సైజు చెబుతుంది. దువ్వెన చెప్పదు.

ఇక నూనె. మొదటి డోసు తర్వాత రెండు మూడు వారాలకి రాలడం మొదలవుతుంది. నాకు పదహారో రోజు. అంతకు రెండు రోజుల ముందు నుంచీ మాడంతా నొప్పి, జుట్టు బిగించి ముడేసి రోజంతా అలాగే ఉంచి విప్పినప్పుడు ఉంటుందే, సరిగ్గా అలా. తల దిండుకి ఆనిస్తే సలుపు. ఆ పొద్దున లేచి చూస్తే దిండు గలీబు మీద తల పెట్టిన చోట గుండ్రంగా నల్లటి చాప పరిచినట్టు ఉంది. స్నానానికి వెళ్తే జుట్టంతా వేళ్ళకి చుట్టుకుని వచ్చేస్తోంది, లాగకుండానే. ఇక్కడ జరిగేది ఏమిటంటే, కుదురులో వెంట్రుక తయారీ ఒక్కసారిగా ఆగిపోయి, తయారవుతున్న వెంట్రుక అక్కడ సన్నబడి, తెగిపోతుంది. తెగేది చర్మం లోపల. పైన ఎంత మర్దన చేసినా అక్కడికి చేరేదేమీ లేదు, పైగా ఊడటానికి సిద్ధంగా ఉన్న జుట్టుని మనమే ఇంకాస్త ముందు ఊడగొట్టుకుంటాం. అసలే నొప్పిగా ఉన్న చర్మం మీద వేడి నూనె పోస్తే బొబ్బలెక్కడం ఒక ప్రమాదం. తెల్లరక్తకణాలు తగ్గిపోయి ఉన్న రోజుల్లో ఆ పుండు పడటం రెండో ప్రమాదం.

మరి "మా వదినకి నూనెతోనే వచ్చింది" అనేవాళ్ళో? వచ్చే ఉంటుంది, ఎందుకు రాదు! జుట్టుని మళ్ళీ పుట్టించే మూలకణాలు కుదురులో కాస్త పైభాగంలో ఉంటాయి, కీమో వాటిని చాలావరకు వదిలేస్తుంది. కీమో ఆగిన నెల, నెలన్నరకి నూగు కనిపిస్తుంది, రెండు మూడు నెలలకి జుట్టు అనదగ్గది వస్తుంది, ఆ తర్వాత నెలకి ఇంచుమించు ఒక సెంటీమీటరు. నూనె రాసినా అంతే, రాయకపోయినా అంతే. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథే ఇది. పొడిబారిన చర్మానికి హాయిగా ఉంటుందని చల్లగా, మెల్లగా కాస్త రాసుకుంటానంటే అది వేరే విషయం, ఎవరూ వద్దనరు.

పైపూతల్లో ఏదైనా పరీక్షకి నిలబడిందంటే అది మినాక్సిడిల్. 1996లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో అది రాలడాన్ని ఆపలేదు, కానీ తిరిగి మొలవడం సగటున ఓ 50 రోజులు ముందుకి వచ్చింది. అదీ డాక్టర్ని అడిగాకే.

బయోటిన్ దగ్గర నాకు నిజంగా భయం వేస్తుంది. కీమోతో రాలే జుట్టుని అది ఆపుతుందనడానికి ఆధారం లేదు, సరే, పనికిరాని మాత్ర ఇంకొకటి అనుకుని వదిలేయొచ్చు. కానీ ఒక పెద్దమనిషికి రోజుకి చాలినంత బయోటిన్ 30 మైక్రోగ్రాములు. జుట్టు కోసమని అమ్మే మాత్రల్లో 5,000, 10,000 మైక్రోగ్రాములు ఉంటాయి. రక్తంలో అంత బయోటిన్ తిరుగుతుంటే కొన్ని ల్యాబ్ పరీక్షలు తప్పు చూపిస్తాయి, ఎందుకంటే ఆ పరీక్షల కిట్లు పనిచేసేదే బయోటిన్ అతుక్కునే గుణం మీద. థైరాయిడ్ పరీక్షలు, గుండెపోటుని పట్టే ట్రోపోనిన్, క్యాన్సర్ జాడ చెప్పే కొన్ని ట్యూమర్ మార్కర్లు ఈ కోవలోకి వస్తాయి. ట్రోపోనిన్ తప్పుగా తక్కువ చూపించి ఒక పేషెంట్ చనిపోయారని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరిక కూడా ఇచ్చింది. ఎర్ర మందు గుండెని ఇబ్బందిపెట్టగల మందు, మూడు వారాలకోసారి రక్తపరీక్షల మీదే మన ట్రీట్‌మెంట్ నడుస్తుంది. అలాంటప్పుడు వేసుకుంటే వేసుకున్నామని ల్యాబ్‌లోనూ డాక్టర్‌కీ చెప్పాలి. మెసేజ్‌లో ఈ ముక్క లేదు.

ఐస్ టోపీ గురించి రాసింది ఇంకా అన్యాయం, ఎందుకంటే కీమో నుంచి జుట్టుని కాపాడటంలో గట్టి పరీక్షలకి నిలబడినది అదొక్కటే. తల చర్మాన్ని చల్లబరిస్తే అక్కడి రక్తనాళాలు ముడుచుకుంటాయి, కణాల జోరు తగ్గుతుంది, మందు కుదుళ్ళకి తక్కువ చేరుతుంది. 2017లో వెలువడిన ఒక ట్రయల్‌లో, రొమ్ము క్యాన్సర్‌కి కీమో తీసుకుంటూ టోపీ పెట్టుకున్న ఆడవాళ్ళలో దాదాపు సగం మందికి సగానికి పైగా జుట్టు నిలిచింది. పెట్టుకోనివాళ్ళలో ఒక్కరికీ నిలవలేదు. సగం మందికే అన్నది కూడా గమనించండి, ఇది గ్యారంటీ కాదు, ఎర్ర మందు ఉన్న కోర్సుల్లో ఫలితం ఇంకా తగ్గుతుంది. తలనొప్పి, వణుకు ఉంటాయి, మందు ఎక్కడానికి ఓ అరగంట ముందు పెట్టుకుని అయిపోయాక కూడా గంటా గంటన్నర ఉంచుకోవాలి, మొదటి డోసు నుంచే మొదలుపెట్టాలి. రాలడం మొదలయ్యాక పెట్టుకుంటే పెద్దగా ఉపయోగం లేదు. తలకి పాకుతుందన్న భయాన్ని రొమ్ము క్యాన్సర్ పేషెంట్లలో లెక్కగట్టి చూశారు. టోపీ పెట్టుకున్నవాళ్ళలోనూ పెట్టుకోనివాళ్ళలోనూ తల చర్మానికి పాకినవి 1 శాతం లోపే, చెప్పుకోదగ్గ తేడా లేదు. లుకేమియా, లింఫోమా లాంటి రక్త క్యాన్సర్లలో మాత్రం సాధారణంగా టోపీ వాడరు, ఎందుకంటే అక్కడ మందు ఒంట్లో ప్రతి మూలకీ చేరి తీరాలి. బహుశా ఆ నిజాన్నే ఎవరో అందరికీ అంటగట్టి ఉంటారు.

గుండుతో ఒత్తుగా రాదు. కత్తి తగిలేది పైన ఉన్న వెంట్రుకకి, కుదురుకి కాదు. కొత్తగా వచ్చే మొనలు మొద్దుగా ఉంటాయి కాబట్టి చేతికి గరుగ్గా తగులుతుంది, అంతే. కానీ గుండు చేయించుకోవడం మంచి పనే అంటాను, కారణం వేరు: రోజూ దిండు దులుపుకుని ఏడవక్కర్లేదు. రేజర్ వద్దు, గాటు పడుతుంది, ట్రిమ్మర్ చాలు. విగ్ ఆలోచన ఉంటే జుట్టు ఉండగానే ఒక ఫొటో, చిన్న పాయ దాచుకోండి, రంగు కలపడానికి.

రింగుల జుట్టూ "విషమూ" అనే ముక్కకొద్దాం. నాకు పుట్టినప్పటి నుంచీ సాపు జుట్టు. కీమో అయ్యాక వచ్చింది మాత్రం గొర్రెపిల్ల ఉన్నిలా, బూడిద రంగులో, వేలు పెడితే చుట్టుకునేలా. దీనికి కీమో కర్ల్స్ అని పేరే ఉంది, అంత మామూలు. కుదురు మళ్ళీ పని మొదలుపెట్టిన తొలినాళ్ళలో వెంట్రుక ఆకారం, రంగు కుదురుకోవు. చాలామందికి ఏడాది దాటేసరికి పాత తీరుకి వస్తుంది, కొందరికి కొంత మార్పు మిగిలిపోతుంది. విషానికీ దీనికీ సంబంధం లేదు. కీమో మందుల్లో ఎక్కువభాగం కొద్ది రోజుల్లోనే కాలేయం, కిడ్నీల దారిన బయటికి పోతాయి. డీటాక్స్ పేరుతో ఏవేవో తాగి ఆ రెండింటికీ పని పెంచడం దేనికి?

మెసేజ్ చెప్పని సంగతి ఒకటుంది: కొద్దిమందికి జుట్టు పూర్తిగా తిరిగి రాదు. డోసెటాక్సెల్ తర్వాత, బోన్ మ్యారో మార్పిడికి ముందు ఇచ్చే హై డోస్ బుసల్ఫాన్ తర్వాత ఇలా జరగొచ్చు. అరుదే, కానీ ఉంది. కీమో అయ్యి ఆరు నెలలు దాటినా పలచగానే ఉంటే చర్మ డాక్టర్‌కి చూపించుకోండి. థైరాయిడ్, ఐరన్ లోపం, రొమ్ము క్యాన్సర్‌కి కీమో తర్వాత వేసుకునే టామాక్సిఫెన్, లెట్రోజోల్ లాంటి హార్మోన్ చికిత్స మాత్రలు కూడా కారణం కావచ్చు. అలాంటివాళ్ళకి "నువ్వు సరిగ్గా మర్దన చేయలేదేమో" అని ఎవరో ఒకరు అంటారు చూడండి, ఈ మెసేజ్ చేసే అసలు హాని అది. అన్నట్టు కనుబొమలు, రెప్పల వెంట్రుకలు తలజుట్టు కంటే ఆలస్యంగా పోతాయి, కీమో అయిపోయిందని ఊపిరి పీల్చుకునే సమయానికి. ముక్కులో వెంట్రుకలు కూడా పోతాయి, అందుకే జలుబు లేకపోయినా ముక్కు కారుతుంది. ఇది నాకు ముందే ఎవరైనా చెప్పుంటే రెండు వారాలు టెన్షన్ పడేదాన్ని కాదు.

ఇప్పుడు గోళ్ళు. నా ఎడమ బొటనవేలి గోరు మీద అడ్డంగా ఐదు గీతలు వచ్చాయి. పక్క వేలితో తడిమితే మెట్లలా తగిలేవి. ఒక్కో కీమో పడ్డప్పుడు గోరు మొదట్లో తయారీ కొన్నాళ్ళు ఆగి, మళ్ళీ సాగుతుంది. ఆగిన చోట గుంట. చేతి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, సైకిల్ మూడు వారాలు, అందుకే గీతకీ గీతకీ మధ్య రెండు మిల్లీమీటర్లు. వీటిని బో గీతలు అంటారు, 1846లో వీటిని వివరించిన ఫ్రెంచ్ డాక్టర్ బో పేరు మీద. ఇక నలుపు. డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ లాంటివి గోటి కింద రంగుని ఇచ్చే కణాలని రెచ్చగొడతాయి, చామనఛాయ, నలుపు ఒళ్ళున్నవాళ్ళలో ఇది ఎక్కువ కనిపిస్తుంది. విషమేమీ బయటికి రావట్లేదు, గోరు పెరిగేకొద్దీ అదే పోతుంది. చేతికి ఆరు నెలలు, కాలికి ఏడాది నుంచి ఏడాదిన్నర.

గోరు పీకే సలహా మాత్రం ఎవరూ వినకండి, దయచేసి. డోసెటాక్సెల్, పాక్లిటాక్సెల్‌తో గోరు కింది చర్మం నుంచి లేస్తుంది, ఆ సందులో నీరు, చీము చేరతాయి. సగం లేచినా ఆ గోరు కింది పచ్చి చర్మానికి మూత. పీకితే కొత్తది ఒక్కరోజు కూడా ముందు రాదు, సూక్ష్మక్రిములకి తలుపు తెరిచినట్టవుతుంది, అదీ రోగనిరోధక శక్తి అడుగంటిన రోజుల్లో. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెత నాకు అక్షరాలా అర్థమైంది అప్పుడే. లేచినంతవరకు పొట్టిగా కత్తిరించి, ఏ దుప్పటి దారానికో తగులుకోకుండా పైన మెత్తటి టేపు చుట్టుకోండి. అంట్లు తోమేటప్పుడు గ్లవ్స్, గోటి అంచు చర్మాన్ని కత్తిరించొద్దు, అతికించుకునే గోళ్ళ జోలికి అసలే పోవద్దు. ఎర్రబడి వాచినా, చీము కనిపించినా డాక్టర్‌కి చూపించండి. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ జ్వరం వస్తే అర్ధరాత్రయినా ఫోన్ చేయాల్సిందే, పొద్దున చూద్దాంలే అనుకునే జ్వరం కాదది.

డోసెటాక్సెల్ మొదలవకముందే చల్లటి గ్లవ్స్ గురించి అడగండి. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో ఒకే మనిషికి ఒక చేతికి ఐస్ గ్లవ్ వేసి, రెండో చేతిని అలాగే వదిలేసి చూశారు: గ్లవ్ వేసిన చేతి గోళ్ళు దెబ్బతిన్నది 11 శాతం మందికి, వేయని చేతివి 51 శాతం మందికి. నేను అడగలేదు, అలాంటిది ఉందని తెలియదు. ఆక్సాలిప్లాటిన్ తీసుకునేవాళ్ళకి మాత్రం చలి తగిలితేనే చేతులు తిమ్మిరెక్కి మంటపుడతాయి, కాబట్టి ఏ మందో చెప్పి అడగండి.

కీమో అయిపోయి నాకు పదకొండు నెలలు. జుట్టు చెవులు దాటింది, రింగులు సగం విప్పుకున్నాయి. చేతి గోళ్ళు ఎప్పుడో మామూలైపోయాయి. కుడికాలి బొటనవేలి మీద ఆఖరి గీత ఒకటి అంచుకి మిల్లీమీటరు దూరంలో ఉంది, వచ్చే నెల గోళ్ళు తీసుకునేటప్పుడు అదీ పోతుంది.