బుస్సీ దారిలో బస్సు

1757లో విజయనగరం సైన్యం బొబ్బిలి మీదకు వెళ్లిన దారిలో మళ్లీ ఒకసారి వెళ్లి రావాలని మా ఊరి పెద్దలు కొందరు సంకల్పించారు. నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. ఎండలో నడిస్తే చరిత్ర మీద ధ్యాస నిలవదు కనుక ఏసీ బస్సు మాట్లాడారు. యుద్ధం జరిగింది జనవరి 24న. ఆ రోజు అందరికీ ఆఫీసులుంటాయి కనుక రెండో శనివారానికి మార్చారు. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు.

గొడవంతా వేషాల దగ్గర వచ్చింది. తాండ్ర పాపారాయుడి వేషానికి వీధికిద్దరు తయారు. బొబ్బిలి రాజు రంగారాయుడికీ పోటీ ఉంది. విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు వేషానికి మాత్రం ఒక్కరూ రాలేదు. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులను వెంటబెట్టుకుని వెళ్లింది మన రాజుగారే కదా అని గుర్తుచేస్తే, "ఇప్పుడవన్నీ ఎందుకండీ" అన్నారు. అందరూ బొబ్బిలి వాళ్లే అయిపోతే ఇక దండయాత్ర చేసేదెవరు? కోటలో ఉన్నవాళ్లు ఎక్కడికీ వెళ్లలేదు. శత్రువు చేతికి చిక్కకూడదని కోటలోని ఆడవాళ్లను, పిల్లలను సొంతవాళ్లే చంపుకున్నారు. ఆ ఘట్టం కార్యక్రమ పత్రంలో లేదు. స్మారక స్తంభం దగ్గర సెల్ఫీలకు అరగంట ఉంది.

అడవి సంగతి కూడా తేలాలి. ఆనాడు కోట చుట్టూ దట్టమైన అడవి. ఇప్పుడు దారి పొడవునా జీడితోటలు, నీలగిరి చెట్లు, బొబ్బిలి చేరితే ఫ్యాక్టరీలు. నిజమైన దండయాత్ర చూడాలంటే ఇంకాస్త పైకి, పార్వతీపురం వైపు వెళ్లాలి. ఒడిశా నుంచి దిగిన ఏనుగులు అక్కడ చెరకు, అరటి తోటలు మేస్తూ తిరుగుతున్నాయి. అవి ఎవరినీ అనుమతి అడగవు. వెళ్లాక పరిహారం కోసం రైతు దరఖాస్తు పెట్టుకోవాలి. పాతకాలం సైన్యాలూ ఇంతే, దరఖాస్తు ఒక్కటే కొత్త.

ఇందులో ప్రభుత్వం చేసిన మేలు ఒకటి చెప్పాలి. పాపారాయుడు రాజాంలో ఉండగా బొబ్బిలి కబురు ఆయనకు వేళకు అందలేదంటారు. మొన్నమొన్నటి దాకా రాజాం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 2022లో విజయనగరం జిల్లాలో కలిపారు. 265 ఏళ్లు ఆలస్యమైనా, ఇప్పుడు బొబ్బిలీ రాజామూ ఒకే కలెక్టరు కింద ఉన్నాయి. ఇకపై కబురు అందకపోతే ఆ కలెక్టరుకే ఫిర్యాదు చేసుకోవచ్చు.

ఆనాడు పాపారాయుడు ఆలస్యంగా వచ్చినా ఊరుకోలేదు. రాత్రివేళ డేరాలో చొరబడి విజయరామరాజును పొడిచి చంపాడు. ఆ వేషం ఎందుకు మిగిలిపోయిందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

యుద్ధం వద్దని అన్నగారైన విజయరామరాజుకు చెప్పిన పైడితల్లి వేషం కూడా ఉండాలని నేను పట్టుబట్టాను. పెద్దలు ససేమిరా అన్నారు. ఆవిడ మాట మొదట్లోనే వినిపిస్తే బస్సు కదలదట. అయినా ఆవిడకు ఏటా సిరిమాను ఉత్సవం చేస్తూనే ఉన్నాం కదా, ఇంకేం కావాలన్నారు. అడ్వాన్సు కూడా ఇచ్చేశారు.